చెయ్యి జారిన ఉప్పు

పల్నాడులో దుర్గి ఊరికి రెండు మైళ్ళ దూరాన ఉన్న ఆ పల్లెలో ఏ ఇంట్లో ఉప్పు నిండుకున్నా ఆడాళ్ళు పక్కింటికి చిప్ప పట్టుకుని పోతారు. రాజమ్మ ఇంటికి మాత్రం ఎవరూ పోరు. ఆ ఇంట్లో ఉప్పు జాడీ లేదు. కొత్తగా కాపరానికొచ్చిన పిల్లెవరన్నా తెలవక పోయి గడప ముందు నిలబడితే, రాజమ్మ పొయ్యి దగ్గర్నుంచే "మా అత్తనడుగు తల్లీ, ఆ పక్క గుడిసె" అని చెయ్యి చూపించేది. ఉప్పు లేకుండా ఏం తింటారమ్మా ఆ ఇంట్లో, గడ్డా అని ఆ పిల్ల బావి దగ్గర నవ్వబోతే పెద్దాళ్ళు గయ్యిన లేచేవాళ్ళు. లేవరా మరి? అది నవ్వుకునే సంగతి కాదు.

రాజమ్మ మొగుడు నెహెమ్యా రాళ్ళు కొట్టేవాడు. నాపరాళ్ళ గనుల్లో పదిహేనేళ్ళు సమ్మెట ఎత్తి దించిన మనిషి. నందికొండ దగ్గర కృష్ణకి అడ్డంగా ఆనకట్ట మొదలయ్యేసరికి, చుట్టుపక్కల రెక్క ఆడే వాళ్ళంతా అటు కదిలితే, తనూ కదిలాడు. ఎండాకాలం ఆ బండల మధ్య పనంటే మాటలా? మధ్యాహ్నానికల్లా వీపు మీద చెమట ఆరి, చొక్కా తెల్లగా ఉప్పు పట్టేది. అందుకని రాళ్ళ పనివాళ్ళకి ఒక అలవాటుంది. చుట్టల సంచిలో నాలుగు ఉప్పుగల్లులు వేసుకుని రొంటిన దోపుకుంటారు. కళ్ళు తిరిగినట్టనిపిస్తే ఒక గల్లు బుగ్గన పెట్టుకుని, మీద ముంతెడు నీళ్ళు తాగి, మళ్ళీ సమ్మెట పట్టుకుంటారు. నెహెమ్యా నోట్లో ఆ గల్లు ఎప్పుడూ కరుగుతానే ఉండేది. ఇంటికొచ్చినా అంతే. సంగటిలోకి ఉల్లిపాయ కొరికితే దాని మీద ఉప్పు, మజ్జిగలో ఉప్పు, ఊరగాయ ముక్క మీద కూడా ఉప్పు. "సముద్రం పక్కన పుట్టాల్సినోడివయ్యా, దారి తప్పి పల్నాడొచ్చావు" అని రాజమ్మ ఎగతాళి చేసేది.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిది వానాకాలంలో నెహెమ్యా పని మీద నుంచి అనుకున్నదానికంటే వారం ముందే తిరిగొచ్చాడు. మొహం ఉబ్బి కళ్ళు సన్నబడి ఉన్నాయి. చెప్పులు కాళ్ళకి పట్టక చేత్తో పట్టుకుని నడిచొచ్చాడు. రాజమ్మ అతని పిక్క మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడింది, తీశాక కూడా ఆ గుంట అట్టానే ఉండిపోయింది.

మర్నాడే మాచర్ల బండి కట్టించి గోపాలకృష్ణయ్య అనే డాక్టరు దగ్గరకి తీసుకుపోయింది. ఆయన ముక్కుసూటి మనిషి. మూత్రం చూసి, కళ్ళ కింద చూసి, కాళ్ళు నొక్కి, మందులు రాసిచ్చి, రాజమ్మ వైపు తిరిగాడు.

"మందు సగమే అమ్మా. మిగతా సగం నీ పొయ్యి మీదుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఉప్పు తగ్గించాలి. రోజు మొత్తానికి ఇంత." అని బొటనవేలి గోరు మీద కొంచెం జాగా చూపించాడు. "ఊరగాయ వద్దు, ఎండుచేప వద్దు, చల్లమిరపకాయలు వద్దు. ఇదివరకట్లా ఉప్పు తిన్నాడా, నీ మొగుడు నీకు దక్కడు."

దక్కడు. బండిలో ఇంటికొచ్చేదాకా రాజమ్మ చెవిలో ఆ ఒక్క మాటే మోగింది. వాళ్ళకి పిల్లల్లేరు. పుట్టిన ఇద్దరూ పొత్తిళ్ళలోనే పోయారు. చూసుకుంటే నెహెమ్యాకి ఆవిడ, ఆవిడకి నెహెమ్యా. ఇంక ఆ మనిషి కూడా లేకపోతే ఈ భూమ్మీద ఆవిడని పేరు పెట్టి పిలిచేదెవరు?

ఇంటికి రాగానే ఉప్పు జాడీ ఎత్తుకుని పక్క గుడిసెలో ఉండే అత్త పున్నమ్మ దగ్గరకి పోయింది. ఆ వైపు ఉప్పు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఇయ్యరు. ఇస్తే తగువులొస్తాయంటారు. అవన్నీ మూఢనమ్మకాలని పాస్టరు అయ్యగారు గుళ్ళో ఎన్నిసార్లు చెప్పినా, ఉప్పు దగ్గరకొచ్చేసరికి అందరూ కింద పెట్టి జరుగుతారు, అవతలోళ్ళు వంగి తీసుకుంటారు. రాజమ్మ జాడీ కింద పెట్టింది.

"ఇది ఇంక మా ఇంట్లో ఉండొద్దత్తా. చూస్తే చెయ్యి పోద్ది. డాక్టరు చెప్పిన గోరంత రోజూ వచ్చి తీసుకుంటా."

పున్నమ్మ డెబ్బై ఏళ్ళ మనిషి. జాడీని, కోడల్ని మార్చి మార్చి చూసింది. "చప్పిడి కూడు చావింట్లో తింటారే! బతికున్న నా బిడ్డకి పెడతానంటావా? ఏం డాక్టరే వాడు, ఏం మందే అది!" అని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

మొదటి రోజు పప్పు వండింది. బొటనవేలి గోరంత ఉప్పు మూడు పూటలకీ పంచితే పూటకెంత? కుండలో వేస్తే ఏట్లో వేసినట్టే. నెహెమ్యా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఊసేశాడు. పళ్ళెం విసిరికొట్టాడు. అది దొర్లుకుంటా పోయి దడికి తగిలింది.

"రాళ్ళు కొట్టినోడికి పెట్టే కూడేనా ఇది? గొడ్డు కూడా ముట్టదు!"

రాజమ్మ లేచింది. పళ్ళెం తెచ్చుకుని, నేల మీద పడింది ఎత్తి కోళ్ళకి వేసి, కుండలో మిగిలిన అదే పప్పు తన పళ్ళెంలో పెట్టుకుని అతని ఎదురుగా కూర్చుని తిన్నది. గొంతు దిగలేదు. అయినా తిన్నది. "నువ్వేం తింటే నేనూ అదే. నువ్వు విసిరికొడితే కుండలో మిగిలింది నేను తింటా" అన్నది. ఆ రోజు మొదలు ఆవిడ నాలిక్కి కూడా ఉప్పు లేదు.

ఊరి చివర హజ్రా బీ అని ఉండేది. తురకల పెళ్ళిళ్ళకి పెద్ద పెద్ద దేగిశాలు ఎక్కించి వండే మనిషి. రంజాన్ నెలంతా ఉపవాసముండి, గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా, ఒక్క మెతుకు నోట్లో వేసుకోకుండా వందమందికి వండి దించేది. ఎవరూ ఒక్క వంక పెట్టేవాళ్ళు కాదు. రాజమ్మ పోయి ఆవిడ ముందు కూలబడింది.

"బూబమ్మా, ఉప్పు లేకుండా కూర తినబుద్దయ్యేటట్టు చెయ్యాల. చేసే దారేదన్నా ఉందా?"

హజ్రా బీ నోట్లో ఆకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి తోసింది. "నువ్వు నాలికని అడుగుతున్నావు రాజమ్మా. అది ఉప్పే కావాలంటది. దానికేం తెలుసు? ముక్కునడుగు. నేను నెలరోజులు ముక్కుతోనే వండుతా" అన్నది.

అట్టా మొదలైంది రాజమ్మ చదువు. పలక లేదు, బలపం లేదు, పొయ్యే బడి. ధనియాలు ఏ రంగుకి రాగానే దించాలో, ఇంకొక్క క్షణం ఆగితే ఎట్టా చేదెక్కుతాయో నేర్చుకుంది. ఎండుమిరపకాయ నూనెలో కంటే నిప్పుల మీద కాలిస్తే దాని వాసన ముందుగా మనిషిని లాగుతుందని తెలుసుకుంది. వెల్లుల్లి దంచి పచ్చిగా చివర్లో వెయ్యాలి. నువ్వులు వేయించి పొడికొట్టి కలిపితే కూరకి ఒక బరువొస్తది. చింతపండు పులుసు మొదట్లో పోస్తే ఒక రుచి, దించేముందు పోస్తే ఇంకో రుచి. నిమ్మకాయ పొయ్యి దించాకే పిండాలి. అన్నిటికంటే పెద్ద కిటుకు హజ్రా బీ ఆఖర్న చెప్పింది. "ఆ ఉన్న చిటికెడు ఉప్పు కుండలో వెయ్యొద్దు. దండగ. వడ్డించాక పైన చల్లు. నాలిక ముందు తాకేది దాన్నే. లోపల ఉందో లేదో దానికి తెలవదు."

నెల తిరక్కుండానే నెహెమ్యా పళ్ళేలు విసరటం మానేశాడు. ఇంకో నెలకి "బాగుందే" అన్నాడు. ఆ మాట విని రాజమ్మకి కాళ్ళు నేల మీద నిలవలేదంటే నమ్మండి. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని, అతని దవడ కదలటం చూస్తా ఉండేది. "గోంగూర ఎట్టా ఉంది?" "దివ్యంగా ఉంది." "నిజంగా?" "నీ తోడు." సంగటి ముద్ద మీద ముద్ద దిగిపోయేది. ఊళ్ళో ఒంట్లో బాగోలేని ముసలాళ్ళున్న ఇళ్ళ ఆడాళ్ళు వచ్చి అడిగి తెలుసుకుని పోయేవాళ్ళు. రాజమ్మ మెడ కొంచెం నిక్కింది కూడా. నిక్కనీండి పాపం, ఆవిడకి అంతకు ముందు దేని మీద నిక్కే అవకాశమొచ్చింది గనక?

కానీ వాపు తగ్గలేదు. మందు మింగుతున్నాడు, చప్పిడి తింటున్నాడు, కాళ్ళు మాత్రం సాయంత్రానికి అరటి బోదెల్లా అయ్యేవి. పని పూర్తిగా మానేసి పంచలో మంచం మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ ఉలులు సానబట్టి ఇచ్చేవాడు. రెండేళ్ళు ఇట్టానే జరిగింది. పోయినప్పుడల్లా డాక్టరు మొహం ముడుచుకునేవాడు.

"ఉప్పు పెడుతున్నావు కదమ్మా?"

"లేదయ్యా! మీరు చెప్పిన గోరంత తప్ప మా ఇంట్లో ఉప్పు గల్లు కూడా లేదు. ప్రభువు తోడు."

"మరి వాపెందుకు దిగదు? మీ ఆడవాళ్ళకి జాలెక్కువ. ఆ జాలే చంపేది" అనేసి ఆయన చేతులు కడుక్కునేవాడు. రాజమ్మ బయటికొచ్చి ఎడ్లబండి వెనక నిలబడి ఏడ్చేది. తను రెండేళ్ళుగా నోరు కట్టుకున్న సంగతి ఆయనకేం తెలుసు? చెప్పినా నమ్ముతాడా?

అరవై ఒకటి శ్రావణంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ మొహం లేదు. నెహెమ్యా కునుకు తీస్తుంటే మంచం కోడుకి తగిలించిన చుట్టల సంచి రాజమ్మ చేతికి తగిలింది. తడిగా ఉంది. ఇంట్లో ఎక్కడా కురవటం లేదే, ఇదెట్టా తడిసింది? చుట్టలు పాడైపోతాయని సంచి తెచ్చి పొయ్యి పక్కన ఆరేసింది. కాసేపటికి చూస్తే, ఆరిన గుడ్డ అంచు వెంట తెల్లగా పెచ్చు కట్టి ఉంది.

వేలితో గీకి నాలిక మీద పెట్టుకుంది. రెండేళ్ళు ఉప్పెరగని నాలిక. భగ్గుమన్నది.

సంచి బోర్లిస్తే చుట్టల మధ్య నుంచి ఆరేడు గల్లులు రాలినాయి. ముసురుకి చెమర్చి, అంచులు కరిగి, గుండ్రంగా అయిపోయి ఉన్నాయి. గనిలో ఉన్నప్పుడు పెట్టుకున్నట్టే. బుగ్గన ఒక గల్లు పెట్టుకుని అన్నానికి కూర్చునేవాడన్నమాట. ఆవిడ ఎదురుగా కూర్చుని దవడ కదలటం చూసి మురిసిపోతుంటే, ఆ దవడ వెనక ఉప్పు కరుగుతా ఉండేదన్నమాట! దివ్యంగా ఉందట. నీ తోడట!

నెహెమ్యా లేచేసరికి రాజమ్మ ఆ గల్లుల్ని అరచేతిలో పెట్టుకుని మంచం ముందు నిలబడి ఉంది. అతనికి చెప్పాల్సిన పని లేకపోయింది.

"యాడియ్యి?"

"అమ్మనడిగా."

ఆ మాటలు వినపడి పున్నమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "బిడ్డడుగుతుంటే ఎట్టా లేదంటానే? నేను కన్నతల్లిని. నువ్వైతే అనగలవా?" అన్నది వణికిపోతా.

"నేను అన్నా! రెండేళ్ళ నుంచీ అంటానే ఉన్నా! తల్లివి నువ్వు ఉప్పు పెట్టావు, పెళ్ళాన్ని నేను అది విషమన్నా. ఎవరు బతికించాలనుకున్నట్టత్తా?" రాజమ్మ మొగుడి వైపు తిరిగింది. "అయ్యా, నువ్వు చెప్పు. కూర బాలేదంటే ఇంకోటి వండేదాన్ని కదా. నా తోడని ఒట్టేసి మరీ అబద్ధమాడావే!"

నెహెమ్యా తల దించుకున్నాడు.

"ఏం చెప్పమంటావే? నువ్వు అన్నం పెట్టి నా మొహంలోకి చూస్తా కూర్చుంటావు. బాగుందంటే నీ మొహం ఎట్టా అయిద్దో నీకు తెలవదు, నాకు తెలుసు. పిల్లలు పోయాక ఆ మొహం నేను మళ్ళీ చూళ్ళేదు. గల్లు లేకపోతే నాకు ముద్ద దిగదు, ముద్ద దిగకపోతే బాగుందనే మాట రాదు. నువ్వు నాతో పాటు నోరు కట్టుకుంటివి. బాలేదని ఎట్టా అనేది?"

ఇంక ఏం తిట్టుద్ది ఆవిడ? తిట్టటానికి లోపల కోపం ఉంది, కొండంత ఉంది. ఆ కోపం కింద ఇంకేదో ఉండి నోరు రానీలేదు. ఆ పూట రాజమ్మ పొయ్యి వెలిగించలేదు. ముగ్గురూ పస్తున్నారు.

మర్నాడు పొద్దున నెహెమ్యా తనే పాకుతున్నట్టు పొయ్యి దగ్గరకొచ్చాడు. ఆ గల్లులన్నీ తీసి నిప్పుల్లో పోశాడు. అవి చిటపటా పేలి పొయ్యి బయటికి ఎగిరినాయి. "గుళ్ళో ఈస్టరు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు నలభయ్యే కదే. నాకు ఇయ్యాల మొదలయినయ్యనుకో" అన్నాడు.

అప్పట్నుంచీ అతను నిజం చెప్పటం మొదలుపెట్టాడు. అమ్మో, ఆ నిజాలు వినటం మాటలనుకున్నారా! "ఇది గడ్డి." "ఇది మాడ్చావు." "పులుపు చాలలేదు, గోడని నాకినట్టుంది." ఒక్కోపూట రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవాడు. మనిషి చిక్కిపోయాడు. రాజమ్మ దొడ్లోకి పోయి ఏడ్చొచ్చి, మళ్ళీ దంచేది. అయితే ఒకటి, ఇప్పుడు ఆవిడకి దారి కనపడుతుంది. రెండేళ్ళు చీకట్లో వండింది. ఇప్పుడు అతను పులుపన్నచోట పులుపు పెంచింది, ఘాటన్నచోట వెల్లుల్లి పెంచింది. బచ్చలి తీసేసి చింతచిగురు పెట్టింది. వంకాయని నీళ్ళలో ఉడికించటం మాని నిప్పుల్లో కాల్చింది. కాళ్ళ వాపు కూడా మొదటిసారి దిగటం మొదలైంది. పిక్క మీద నొక్కితే గుంట పడటం లేదు.

పున్నమ్మ ఆ ముసురు రోజు తర్వాత కోడలి మొహం చూసేది కాదు. చలికాలం వచ్చాక, ఒక తెల్లారి ఆ ముసలమ్మ పాత పంచె భుజాన వేసుకుని నల్లరేగడి చేలల్లోకి పోయింది. శనగ మొక్క ఆకుల మీద మంచు పడితే అది పుల్లగా మారుద్ది. చేను మీద గుడ్డ పరిచి, తడిశాక పిండితే ఆ పులుసు దిగుద్ది. పాతకాలంలో వాళ్ళు అట్టానే పట్టేవాళ్ళు. చేను మీద వంగి వంగి, మోకాళ్ళు బిగుసుకుపోయి, పున్నమ్మ ఒక సీసాలో నాలుగు వేళ్ళ ఎత్తున తెచ్చి కోడలి గడపలో పెట్టి, మాట్లాడకుండా పోబోయింది.

"ఏందత్తా ఇది?"

"శనగ పులుసే. మా అమ్మ వాడేది. ఉప్పు లేకపోయినా ఇది నోరు ఊరిస్తది." ఆగి, "నా తప్పు ఇట్టా కాస్తన్నా తీరిద్దేమోనని" అన్నది. రాజమ్మ అత్త చేతులు పట్టుకుంది. మంచుకి ఆ చేతులు కొయ్యబారిపోయి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం కాల్చిన వంకాయ చిదిమి, కాల్చిన మిరపకాయ, వెల్లుల్లి దంచి కలిపి, పైన ఆ శనగ పులుసు రెండు చెంచాలు పోసింది. క్రిస్మసుకి నాలుగు రోజులుంది. నెహెమ్యా ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడోది చేతిలో పట్టుకుని ఆగి, "బాగుందే" అన్నాడు.

రాజమ్మ చటుక్కున లేచింది. "నోరు తెరువు."

"ఏందీ?"

"నోరు తెరువయ్యా, చూడాల."

నెహెమ్యా పెద్దగా నోరు తెరిచాడు. రాజమ్మ ఆ బుగ్గా ఈ బుగ్గా వేలు పెట్టి మరీ వెతికింది. పోలీసు జవాను కూడా అట్టా వెతకడు. వంకాయ తప్ప ఏమీ లేదు. గుమ్మంలో పున్నమ్మ పళ్ళు లేని నోరు కొంగుతో మూసుకుని నవ్వింది. ఎన్నేళ్ళకో ఆ ఇంట్లో ముగ్గురూ నవ్వారు.

ఏడాదిన్నర. లెక్కబెట్టినట్టు ఏడాదిన్నర బాగా గడిచింది. నెహెమ్యా నాలికకి ఉప్పు పూర్తిగా మరుపుకొచ్చింది. చర్చి విందులో ఎవరో పెట్టిన పులుసు నోట్లో పెట్టుకుని "ఓర్నాయనో, ఇదేం ఉప్పురా!" అని పక్కకి నెట్టేశాడు. రాజమ్మకి ఆ మాట విన్నాక ఇంక ఏ సంబరమూ అక్కర్లేకపోయింది.

అరవై మూడు ఎండలు ముదిరేసరికి వాపు తిరిగొచ్చింది. ఈసారి కాళ్ళతో ఆగలేదు. పొట్ట ఉబ్బింది, ఊపిరి ఆడటం కష్టమైంది, అన్నం చూస్తే వికారం. మాచర్ల తీసుకుపోతే గోపాలకృష్ణయ్య డాక్టరు చానాసేపు చూశాడు. నెహెమ్యాని బండిలో పడుకోబెట్టించి, రాజమ్మని వెనక్కి పిలిచాడు. ఎప్పుడూ కసిరే మనిషి, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అప్పుడే ఆవిడకి తెలిసిపోయింది.

"నువ్వు చెయ్యగలిగిందంతా చేశావమ్మా. ఆ మొదటి రెండేళ్ళలోనే లోపల చెడిపోయింది. ఇంక మందుల చేతిలో లేదు." ఆయన బల్ల మీద కాగితాలు సర్దాడు. "ఇంక పథ్యం వద్దు. నోటికి ఏది హితవైతే అది పెట్టు. ఉప్పు కూడా వెయ్యి."

బండిలోకి రాగానే నెహెమ్యా కళ్ళు తెరిచాడు. "ఏమన్నాడే?"

"మందు మార్చాడయ్యా. కొత్త మందు. పదిరోజుల్లో గుణమిస్తదంట."

"సరేలే" అని కళ్ళు మూసుకున్నాడు. దారంతా రాజమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని, చెంగుతో ఎండ పడకుండా కాచింది. కళ్ళు తుడుచుకోవటానికి కూడా చెయ్యి తియ్యలేదు, ఎక్కడ చూస్తాడోనని.

ఇంటికొచ్చాక పొయ్యి ముందు కూర్చుంది. వెయ్యాలా, మానాలా? మానితే మాత్రం ఏం మిగిలింది దాచుకోవటానికి? పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఉప్పు తిన్న మనిషి, తన కోసం నిప్పుల్లో పోసిన మనిషి. కడుపు మాడ్చి పంపించటమేనా? వద్దు. కడసారన్నా అందరిలా తినిపోవాలి. అనుకుని లేచి అత్త గుడిసెలోకి పోయింది.

"అత్తా, కూరకి సరిపడా ఉప్పియ్యి."

పున్నమ్మకి మాట అర్థమవటానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక జాడీలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, కోడలి అరచేతిలో పోసింది. చేతిలోంచి చేతిలోకి. ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు.

గోంగూర పప్పు వండింది. ఉప్పు ఎంత వెయ్యాలో చేతికి గుర్తు లేదు. ఒకప్పుడు కళ్ళు మూసుకుని వేసేది. ఇప్పుడు నాలుగు గల్లులు వేసింది, చాలదేమోనని ఇంకో రెండు వేసింది, ఎక్కువైందేమోనని భయపడింది. రుచి చూద్దామంటే తన నాలిక్కి ఒక్క గల్లే మంట. ఆఖరికి ముక్కుతో వాసన చూసి దించేసింది.

మంచం మీద దిండు ఆనించి కూర్చోబెట్టి, అన్నంలో పప్పు కలిపి, చిన్న ముద్ద చేసి నోటికందించింది. నెహెమ్యా నమిలాడు. దవడ సగంలో ఆగిపోయింది.

ఆవిడ మొహంలోకి చూశాడు. పప్పు పళ్ళెంలోకి చూశాడు. మళ్ళీ మొహంలోకి చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేకపోయింది. నాలుగేళ్ళు ఉప్పు జాడీ గడప దాటనీయని మనిషి ఉప్పు వేసి తెచ్చింది. ఎందుకు వేస్తదో తెలవని వెర్రివాడా అతను?

నోట్లో ముద్ద మింగాడు.

"చెయ్యి జారిందా రాజమ్మా?" అన్నాడు మెల్లిగా.

ఆవిడ ఇంకో ముద్ద కలిపింది. ఎట్టాగో "ఊఁ" అన్నది. "జారింది. చూసుకోలా."

"జారుద్దిలే. పొయ్యి ముందు మనిషికి ఒక్కోసారి జారుద్ది." ఇంకో ముద్దకి నోరు చాపాడు. అది తిన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. "బాగుందే" అన్నాడు. ఆవిడ నమ్మలేదని తెలిసిందేమో, పాలిపోయిన ఆ మొహంలో చిన్న నవ్వొచ్చింది. "ఏందట్టా చూస్తావు? నోరు తెరిచి చూపించమంటావా?"

చూపించాడు కూడా. తెరిచిన ఆ నోరు, ఎండిపోయిన ఆ నాలిక చూసి రాజమ్మ పళ్ళెం కింద పెట్టి అతని మోకాళ్ళ మీద తల వాల్చేసింది. ఏడుపు ఆపుకోవాలన్న సంగతే మర్చిపోయింది. అతను చెయ్యి ఎత్తి ఆవిడ తల మీద వేశాడు. ఏమైందని అడగలేదు. డాక్టరు మాట మళ్ళీ ఎత్తలేదు. కాసేపయ్యాక, "లే. నువ్వు కూడా తిను. నువ్వేం తింటే నేనూ అదే అన్నావుగా" అన్నాడు. ఆవిడ లేచి, ఎంగిలి పళ్ళెంలోంచే ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. ఉప్పు నోరంతా మంటెత్తింది. మింగింది.

నెహెమ్యా ఆ తర్వాత పదకొండు రోజులున్నాడు. రోజూ పొద్దున పున్నమ్మ ఉప్పు తెచ్చి పొయ్యి పక్కన పెట్టి పోయేది. రోజూ మొదటి ముద్ద మింగి అతను "జారిందా?" అనేవాడు, "జారిందయ్యా" అని రాజమ్మ అనేది. ముద్దలు ఒకటొకటే తగ్గుతా వచ్చినాయి. పన్నెండో రోజు పొద్దున పున్నమ్మ ఉప్పు చిప్ప పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. రాజమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది, పొయ్యి వెలిగించలేదు. "ఇంక అక్కర్లేదత్తా, తీసుకుపో" అన్నది.